అదే పేరుతో పెట్టిన నోటీసు

కలకత్తా గార్డెన్ రీచ్‌లోని తెలుగు కార్మికుల సంఘానికి వెబ్‌సైటు నడిపేది రోజారాణి. నడిపేది ఆమేగానీ, తెలుగు చదవడం ఆమెకు సరిగా రాదు. అందుకని కార్యదర్శి అప్పలసూరి పెదనాన్న చేత్తో నోటీసు రాసిస్తే, ఆమె ఫోటో తీసి ఎక్కిస్తుంది. ప్రతిసారీ పాత ఫోటో తీసేసి కొత్తదాన్ని అదే పేరుతో పెట్టడం ఆమెకు అలవాటు.

సోమవారం పదకొండు దాటాక జగ్గమ్మ పిన్ని ఫోన్ పట్టుకుని వచ్చింది.

"ఏటమ్మా, గేటు పాసులకి ఏలిముద్రలు లచ్చివారమని ఉందిక్కడ. అప్పలసూరేమో ఇయ్యాల పన్నెండుకే ఆఖరంతన్నాడు."

రోజారాణి పిన్ని చేతిలోని ఫోన్ లాక్కుంది. గురువారం కాదు సోమవారమని కొత్త కాగితం వస్తే నిన్ననే ఎక్కించింది. ఎక్కాక తన ఫోన్‌లో తెరిచి చూసింది కూడా. పెదనాన్న చేతిరాత కనబడింది, చాలనుకుంది. అందులో ఏ వారమని రాసి ఉందో చదివి తెలుసుకునే తెలివి ఉంటేగా!

ఒకసారి చూసిన ఫోటోను ఫోన్ దాచుకుంటుంది. మళ్లీ అదే పేరుతో అడిగితే కొత్తది తేకుండా దాచిందే చూపిస్తుంది. ఈ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ ఏమరుపాటు. ఫోటో పేరు చివర తేదీ తగిలించి మళ్లీ ఎక్కించింది. పిన్ని ఫోన్‌లో కొత్త నోటీసు ఠక్కున వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

మరి నాన్న పోలయ్య? ఈరోజు వేలిముద్ర పడకపోతే పాస్ రద్దు. పాస్ లేకపోతే డాక్‌లో పని లేదు. నాలుగుసార్లు చేసినా పోలయ్య ఫోన్ ఎత్తలేదు. ఆమె గదిలో అటూ ఇటూ తిరిగింది, గడియారం చూసింది, మళ్లీ చేసింది. పన్నెండుకు పది నిమిషాలుండగా ఎత్తాడు. వెనకాల రైలు చప్పుడు.

"లిలువాలో మీ అత్త ఇంటికి ఎల్తన్నానమ్మా. పొద్దున్న గేటు కాడ కాపలా కాసే దర్వాన్ దాదా ఇయ్యాలే ఆఖరన్నాడు. ఫోన్ తీసి సూపించినాను. నా కూతురు ఎట్టింది, లచ్చివారమని ఉంది, నీకేటి తెలుసన్నాను." పోలయ్య నవ్వాడు. "మరి మాటాడ్లేదు."

ముప్పై ఏళ్లుగా ఆ గేటు దగ్గర ఎవరికీ ఎదురుచెప్పని మనిషి. ఆమెకు ఏడుపొచ్చింది.

"నాన్నా, దర్వాన్ దాదా మాటే నిజం."