తనిఖీ రోజు నీళ్లు

తనిఖీ ఉందంటేనే ఆ క్రషర్ మీద నీళ్లు పడేవి. మిగతా రోజుల్లో కూల్చిన ఇళ్ల పెళ్లలు పొడిగానే నలిగి, దుమ్మంతా కూలీల ఊపిరితిత్తుల్లోకి పోయేది. ఆ పొడితో ఇటుకలు పోసి సర్కారు ఆసుపత్రి కడుతున్నారు. శిథిలాలను వృథా పోనివ్వడని, దుమ్ము రేపడని చెప్పి ఈ కాంట్రాక్టరుకే పని ఇచ్చారు. గేటుకు పచ్చటి ఆకు బొమ్మ కూడా తగిలించారు, ఎంత ముచ్చటో!

జల్లెడ పట్టే ఆవిడ మొగుడు ఆ బొమ్మ కిందే దగ్గి దగ్గి కుప్పకూలాడు.

"బీడీల దగ్గు. ఇంటికి తీసుకుపో," అన్నాడు సూపర్‌వైజరు. ఆ మనిషి జన్మలో బీడీ ముట్టలేదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆవిడ నోరు విప్పింది. "రేపు తనిఖీ. మాస్కులిస్తే బొడ్లో దోపుకుందాం. నీళ్లు ఆపేద్దాం. రోజూ చేసినట్టే చేద్దాం, కళ్లారా చూస్తారు."

"పనిలోంచి తీసేస్తే?" అన్నాడు తాపీమేస్త్రి.

"అందర్నీ తీసేసి కాంట్రాక్టరు తానే తట్ట మోస్తాడా?"

అందరూ నవ్వారు.

"సరే, నీళ్ల టాపు దగ్గరుండేది నీ మరిదేగా," అని మేస్త్రి గుర్తుచేశాడు.

నవ్వులు ఆగిపోయాయి. మరిది ఈమధ్య సూపర్‌వైజరు బండెక్కి తిరుగుతున్నాడు. అంతలో క్రషర్ చాటునుంచి అతనే వచ్చాడు. "ఏంటొదినా, మీటింగా?"

"పో, పోయి మీ దొరకి చెప్పుకో!"

అతను టాపు వైపు వెళ్లిపోయాడు. సొంత అన్న మంచాన పడినా చీమ కుట్టినట్టయినా లేదే అనుకుంటూ ఆవిడ అన్నం గిన్నె మూసేసింది.

మర్నాడు అధికారులు పోలీసులను వెంటేసుకుని వచ్చారు. క్రషర్ తిరిగింది. దాని మీద నీళ్లు ధారగా పడుతున్నాయి. అమ్మేశాడు, వెధవ మమ్మల్ని అమ్మేశాడు అనుకుంది ఆవిడ.

అధికారులు బాగా దగ్గరకు వచ్చాక నీళ్లు ఆగిపోయాయి. గుప్పున లేచిన దుమ్ములో తెల్లచొక్కాలు కనపడకుండా పోయాయి.

"టాపు తిప్పరా!" అని అరిచాడు సూపర్‌వైజరు.

"రోజూ తిప్పొద్దనేది మీరేగా సార్!" అన్నాడు మరిది.

పోలీసులు అతని కాలరు పట్టుకుని జీపులోకి తోశారు. ఛీ, వీణ్ణా నేను అనుమానించింది! ఆవిడ జల్లెడ విసిరేసి పరుగున వెళ్లి జీపుకు అడ్డంగా కూర్చుంది. పక్కనే మేస్త్రి కూర్చున్నాడు. తట్టలు దించి ఒక్కొక్కరే అందరూ వచ్చి కూర్చున్నారు.

"లేవండి! దారివ్వండి!" అనబోయిన పెద్ద అధికారికి దగ్గు తెర అడ్డంపడింది. కళ్లలో నీళ్లు తిరిగేలా దగ్గుతూనే ఉన్నాడు.

ఆవిడ కూర్చున్న చోటి నుంచే తలెత్తి అడిగింది.

"ఏం సారూ, బీడీల దగ్గేనా?"