కమాను కింద గంప

అక్షరాలు తప్పితే దిద్దుకుని చదవండి. నాకు చదువు ముసలితనంలో వచ్చింది. ఒక్క వాక్యం పూర్తయ్యేలోపు పొయ్యి మీద గంజి మాడిపోతుంది. అయినా ఎనెలెసి సంగతి రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

తెల్లవారుతోంది.

మలావీ సరస్సు మీంచి గాలి... పచ్చి చేపల వాసన, తడి ఇసుక వాసన.

ఎనెలెసి నెత్తిన గంప. గంపలోంచి నీళ్లు — చెవి వెనక నుంచి మెడ మీదికి, మెడ మీంచి వీపు మీదికి. చల్లగా.

నడక. నడక. నడక.

ఈ దారినే ఆమె తల్లి నడిచింది. అత్త నడిచింది. కడుపుతో నడిచారు, పిల్లను వీపుకు కట్టుకుని నడిచారు. ‘ఆరోగ్యం కోసం నడవండి’ అని అప్పుడెవరూ బోర్డు పెట్టలేదు.

ఇప్పుడు పెట్టారు.

ఆసుపత్రివాళ్లు, చర్చివాళ్లు, ఆఫీసువాళ్లు, పడవల సంఘంవాళ్లు — నలుగురూ చేతులు కలిపారు. బాట చదును చేశారు. పక్కనే పిల్లలకు ఉయ్యాలలు, జారుడుబల్ల. మేకలు దూరకుండా కంచె. మంచిదే. ఎవరు కాదన్నారు?

కానీ బాట చివర, రోడ్డుకు ఇవతల, ఒక ఇనుప కమాను నిలబెట్టారు. అడ్డంగా దూలం. దూలం మీద నలుగురి పేర్లు.

ఎత్తు ఎంతుండాలి?

ఊళ్లో అందరికంటే పొడుగు యోహానె, బంతాటలో గోల్‌కీపరు. అతన్ని నిలబెట్టారు. తల పైన జానెడు వదిలారు. చాలన్నారు.

మగవాళ్ల బరువులు సైకిళ్ల మీద పోతాయి. వాళ్లకెలా తోస్తుంది?

ఆడవాళ్లకైనా తోచలేదు, అది వేరే సంగతి. కొలతలు తీసే వేళ వాళ్లు అతిథులకు కోడికూర వండుతున్నారు. ప్రారంభం నాడు ఆ కమాను కిందే ఆడారు, పాడారు — చేతులూపుతూ, ఖాళీ తలలతో. పాట ఎత్తుకున్నది ఎనెలెసే.

మర్నాడు గంపతో వచ్చి ఆగిపోయింది.

వంగితే గంప పడుతుంది. దించితే మళ్లీ నెత్తికెత్తడానికి ఇంకొకరి చెయ్యి కావాలి. చుట్టూ తిరిగి పోదామంటే — ఒక పక్క కంచె, ఒక పక్క తొడలోతు ఊబి.

అవతల రోడ్డు మీద చేపల లారీ. అది ఎవరి కోసమూ ఆగదు. వానాకాలం చేప ఎండదు. లారీ తప్పితే ఆ రోజుకు పిండి లేదు. ఇంట్లో తల్లి లేని ముగ్గురు మనవలు.

గొమానీ దగ్గరికి వెళ్లింది. పడవల సంఘం పెద్ద, ఆ నలుగురి కమిటీకి అధ్యక్షుడు, ఆమెకు బావ వరస. టీ ఊదుకుంటున్నాడు.

“బావా, ఆ దూలం కాస్త పైకి జరిపించు.”

“అది నా ఒక్కడిదా మరదలా? నలుగురూ కూర్చోవాలి.”

“ఎప్పుడు కూర్చుంటారు?”

“నలుగురికీ వీలైనప్పుడు. అందాకా కాస్త వంగు. వంగడం నడుముకి మంచిదని ఆసుపత్రివాళ్లే చెప్పారుగా.”

“నీ నడుముకీ మంచిదేగా. రేపు నా గంప నువ్వు మొయ్యి, నీ టీ నేను తాగుతా.”

ఆసుపత్రివాళ్లు చర్చిని అడగమన్నారు. చర్చివాళ్లు ఆఫీసును అడగమన్నారు. ఆఫీసువాళ్లు గొమానీని అడగమన్నారు.

నలుగురూ కూర్చోవాలి.

నలుగురూ... కూర్చోవాలి.

ఒక పొద్దున, రోజూ గంప ఎత్తిపెట్టే తోటివాళ్లు ముందే వెళ్లిపోయారు. ఎనెలెసి ఒక్కతే. గంప దించింది. దాటించింది. నిలబడింది. ఎత్తేవాళ్లు లేరు. మబ్బు కమ్ముకొస్తోంది.

తెల్ల బూట్లు, తెల్ల చొక్కా — ఆసుపత్రి గుమాస్తా ఆరోగ్యం కోసం నడుస్తూ వచ్చాడు.

“బావున్నావా అమ్మా? నడక ఎలా ఉంది?”

“నడకకేం నాయనా, గంపకే బాలేదు. ఒక చెయ్యి వెయ్యి.”

పాపం, వేశాడు. పుట్టి బుద్ధెరిగాక గంప ఎత్తినవాడు కాదు. తనవైపుకు వంచేశాడు. చేపల నీళ్లన్నీ చొక్కా మీద.

“అయ్యో, నా చొక్కా!”

“వంగడం మంచిదే నాయనా. కానీ గంపని వంచడం కాదు.”

రోడ్డు మీద హారన్. ఒకసారి. మరోసారి. తరువాత ఇంజను చప్పుడు — దూరంగా, ఇంకా దూరంగా...

ఆ పూట మనవలు చేపలు తిన్నారు. పక్కన ముద్ద లేదు. చిన్నది ఖాళీ పిండి డబ్బా గోకుతూ కూర్చుంది.

ఆ చప్పుడు ఎనెలెసి వినలేకపోయింది. పార భుజాన వేసుకుంది.

దూలం నలుగురిది. సరే.

నేల ఎవరిది?

కమాను కింద తవ్వడం మొదలుపెట్టింది. నీళ్లకు పోతున్నవాళ్లు ఆగారు. బిందెలు దించారు. పారలు తెచ్చారు. అటూ ఇటూ వాలు తీసి మోకాలి లోతు తవ్వారు. ఎనెలెసి గంపతో దిగింది... దాటింది. దూలానికీ గంపకూ మధ్య రెండు వేళ్ల సందు. ఆడవాళ్ల కేకలకు కొంగలు లేచిపోయాయి.

తరువాత వాన.

గొయ్యి నిండింది. పిల్లలు ఉయ్యాలలు వదిలేశారు. జారుడుబల్ల వదిలేశారు. గోతిలో దూకడం, తేలడం, అరవడం.

గొమానీ గొడుగు వేసుకుని పరిగెత్తుకొచ్చాడు.

“ఎవరే ఇది తవ్వింది? ఎవర్ని అడిగి తవ్వారు?”

“పిల్లలు ఆడుకోవడానికి కట్టామన్నావుగా బావా. చూడు, ఇప్పుడు ఆడుతున్నారు.”

“పూడ్పిస్తా!”

“పూడ్పించు. నలుగురినీ కూర్చోబెట్టు ముందు.”

అతను కూర్చోబెట్టలేదు. వాన ఆగలేదు. ఊబి బురద కొట్టుకొచ్చి గోతి అడుగున పేరుకుంటోంది. తోడతారు. మళ్లీ పేరుకుంటుంది. తోడతారు.

నిన్న రెండు వేళ్ల సందు.

ఇవాళ ఒక్కటే.

తెల్లవారుతోంది. సరస్సు మీంచి గాలి. పైనుంచి గంప నీళ్లు వీపు మీదికి, కింద గోతి నీళ్లు మోకాళ్ల దాకా. లారీ హారన్ కొట్టింది.

ఎనెలెసి మెడ నిటారుగా పెట్టి, కాలు ముందుకు వేసింది...

— ఫలేసి కమాంగా. అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు సలిమా పట్నం దగ్గర, ఆ కంచెకు ఆనుకున్న ఇంట్లో ఉంటున్నాను.