వృత్తి గడిలో గీత

నేను నెట్‌లో మా అత్తమ్మ మీద చాడీలు రాస్తున్నానని వెనకింటి శాంత నల్లా దగ్గర అందట. శాంత మొగుడు దాన్ని కుంఠా నాకా పాన్ టపరీకి మోశాడు. అక్కణ్ణుంచి మా ఆయన వినాయక్ ఇంటికి తెచ్చాడు.

"ఏం రాస్తున్నవే అమ్మ మీద? పి.హెచ్.డి. చేసిన కోడలు అత్తను మరాఠీల తిడుతదట."

నేను జొన్నరొట్టె తడుతున్నాను. నిన్న గడపలో కూర్చుని నా వ్యాసం అత్తమ్మకు చదివి వినిపించాను. శాంత సగం విన్నట్టుంది. మొత్తం విన్న అత్తమ్మ మాత్రం, "పప్పుల ఉప్పేసినవా?" అని అడిగి ఊరుకుంది.

పి.హెచ్.డి. కోసం ఆరేళ్ళు తిరిగి, నీలం నగర్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఉన్న ఇళ్ళల్లోని ఆడవాళ్ళ మీద మూడు వందల పేజీలు రాశాను. అవి అల్మారాలో పెళ్ళి ఆల్బమ్ కింద ఉన్నాయి. పోయిన నెల పుణె నుంచి దీపాలి అనే ఎడిటర్ ఫోన్ చేసింది. పరిశోధనల్ని మామూలు మనుషులకు అర్థమయ్యేలా చెప్పే వెబ్‌సైటు ఆమెది. మరాఠీలో, ఎనిమిది వందల మాటల్లో రాసిమ్మంది. "వాటికి ఇంటర్వ్యూల పాయింట్లు రావు మేడం, అట్ల రాసేకంటే వంటలు రాయొచ్చు" అన్నాడు మా కాలేజీ హెచ్చోడీ. గంటకింతని పాఠాలు చెప్పే కాంట్రాక్టు లెక్చరర్ని, నవ్వాను. బట్టలారేసి ఒక పేరా, కుక్కర్ దించి ఒక పేరా రాశాను. "పరిశీలించడమైనది" అని మొదలుపెడితే దీపాలి, "ఎవరు పరిశీలించారు? మొదటి వాక్యంలో ఒక మనిషి కనబడాలి" అని తిప్పి పంపింది. మూడోసారి, 'వృత్తి లేదు' అన్న నా పట్టిక పక్కన ఒకటే ప్రశ్న రాసింది: "ఈ రెండు వందల పన్నెండు మందికీ పని లేకపోతే, కండెలు ఎవరు చుడుతున్నారు?"

కండెలనే ఆ చిన్న గొట్టాలకు నూలు చుట్టి అందించకపోతే సాంచా మీద ఒక్క టవలు దిగదు. చుట్టేది ఆడవాళ్ళే. ఫారాలు పట్టుకుని ఇంటింటికీ పోయి ఏం పని చేస్తారని అడిగితే అందరూ ఒకటే చెప్పారు, "ఏం లేదు, ఉత్తగనే ఇంట్ల ఉంట." చెప్తున్నప్పుడు కూడా చేతి కింద కండె తిరుగుతూనే ఉంది. నేను వృత్తి గడిలో గీత కొట్టాను. మొదటి గీత మా అత్తమ్మ గంగుబాయిదే. చెప్పింది చెప్పినట్టు రాయడమే పరిశోధన అనుకున్నాను. మా అమ్మ కండెలు చుడుతుంటే ఆమె ఒళ్ళో పెరిగినదాన్ని, నాకు తెలియదా? ఆ గీతలే నా పేరు ముందు డాక్టర్ అయ్యాయి. అందుకే ఈ వ్యాసంలో నా తప్పు రాశాను, అత్తమ్మ పేరు రాశాను. ఇంట్లో గొడవ కాకూడదని మామ సిద్ధరాములు నేతపని మీద నాలుగు వాక్యాల పొగడ్త కూడా పెట్టాను.

ఈ పొద్దున దీపాలి మెసేజ్ పెట్టింది. నలభై మాటలు ఎక్కువున్నాయి, సాయంత్రంలోపు తగ్గిస్తే రేపు వేస్తామని. అత్తమ్మ పేరున్న పేరాను మూడుసార్లు తీసేశాను, మూడుసార్లు మళ్ళీ పెట్టాను. నాలుగోసారి తీయబోతుంటే రొట్టె మాడింది.

వినాయక్ నా ఫోన్ తీసుకుని మెసేజ్ చదివాడు. "మంచిగైంది. అమ్మ ముచ్చట, నీ తప్పు ముచ్చట రెండూ తీసెయ్. నలభై ఏంది, నాలుగు వందలు తగ్గుతయ్. వచ్చే నెల పర్మనెంట్ నౌకరీ ఇంటర్వ్యూ ఉండంగ నీ పి.హెచ్.డి. తప్పని నువ్వే డప్పు కొట్టుకుంటవా? ఇంట్ల ముచ్చట బయటికెందుకు, కశాలా?"

కరెంటు పోయింది. ముందు గదిలో సాంచాలు ఆగాయి. మామ తల మీది దూది దులుపుకుంటూ వచ్చాడు. సాంచా ఆగితే ఆయన పని ఆగుతుంది. అత్తమ్మ మాత్రం తలుపు దగ్గర కూర్చుని, వాడేసిన కండెల మీద మిగిలిన పోగులు లాగేస్తూనే ఉంది.

"ఏందిరా లొల్లి?"

వినాయక్ చెప్పాడు.

"గామె పేరెందుకు?" అన్నాడు మామ. "నేసేటోణ్ణి నేను. కండెలు సుట్టుడు గుడ ఒక పనేనా? టీవీ సూస్కుంట సుడుతది."

"అమ్మా, నువ్వే చెప్పు దానికి," అన్నాడు వినాయక్. "నీ పేరు తీసెయ్యమను."

నేను చేతికంటిన పిండి తుడుచుకుని ఫోన్ తీసుకున్నాను. తీసెయ్యమంటే తీసేస్తాను. ఆమె పేరు, ఆమె ఇష్టం.

అత్తమ్మ తలెత్తలేదు. పోగు తెంపింది.

"నలభై మాటలేనా బిడ్డా ఎక్కువున్నయి? మీ మామయి తియ్యి."