ఏడో పాయింటు

బల్ల కింద వెల్లకిలా పడుకుని వైర్లు పీకడానికి ఎలక్ట్రీషియన్‌గారి అరవై ఆరేళ్ల నడుము ఒక పట్టాన ఒప్పుకోలేదు. ఒప్పుకోక చస్తుందా? గది ఖాళీ చెయ్యమని భార్య నెలరోజులుగా పోరుతోంది. పదకొండేళ్లుగా ఒక్క రైలూ కదలని బల్ల గదిలో సగం మింగి కూర్చుంది మరి.

ఆ బల్ల మీది బుల్లి రైల్వే ఆయనా, ఆయన బావమరిదీ కలిసి కట్టింది. బావమరిది వర్క్‌షాపులో ఫిట్టరు. చేతిలో ఎప్పుడూ ఇనుము అరగదీసే ఆకురాయి ఉండేది కాబట్టి ఇంటిల్లిపాదికీ అతను ఆకురాయే. ఒక దారి రెండుగా చీలే చోట రైలుని ఇటో అటో మళ్లించే పాయింట్లు బజారులో తయారుగా దొరుకుతాయి. ఆకురాయికి అవి నచ్చి చస్తేగా! పట్టా కొనను బ్లేడంత పలచగా అరగదీసి, టంకం పెట్టి, ఒక్కో పాయింటూ నెలరోజులు చేసేవాడు. చీలిన పట్టాలు కలుసుకునే ముక్కుని ఇద్దరూ ‘కప్ప’ అనేవాళ్లు. పాయింటు తిరిగినప్పుడల్లా కప్పకి అందే కరెంటూ తగ్గట్టు మారాలి. అటు వైరు ఇటు తగిలిందా, షార్టయి రైలు అక్కడే చతికిలబడుతుంది. అందుకే బావ బల్ల కింద వైర్లు కలుపుతుంటే, ఆకురాయి పైనుంచి అడిగేవాడు.

“కప్ప బతికిందా బావా?”

ఆరు కప్పలు బతికాయి. ఏడోది మాత్రం ఆఫీసు వాళ్లంతా చూడ్డానికొచ్చిన రోజే, అందరి ముందూ రైలుని ఆపేసింది.

“బావా, ఇది గోడ మూలనుందని తల అటు పెట్టి పడుకున్నావుగా. కుడీ ఎడమా తారుమారయ్యాయేమో, ఒక్కసారి చూసుకో” అన్నాడు ఆకురాయి, మెల్లిగానే.

ఆయనకి తల కొట్టేసినట్టయింది. “ముప్పై ఏళ్ల సర్వీసురా నాది! నాకు వైరింగు నేర్పుతావా? నీ కప్పే చచ్చుకప్ప. ఇనుము గీక్కునేవాడివి, గీక్కో!”

అందరూ నవ్వారు. ఆకురాయి చేతిలోని ఆకురాయిని బల్ల అంచున పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ ఈ గడప తొక్కలేదు. ఈయన మాత్రం తక్కువ తిన్నాడా? “వాడి పేరు ఈ ఇంట్లో ఎత్తావంటే చూడు” అని భార్యకి గట్టిగా చెప్పాడు. ఆవిడ తమ్ముణ్ణి చూడాలనిపించినప్పుడల్లా ఒక్కతే వెళ్లొచ్చేది.

ఇప్పుడు వైర్లు పీకడం ఆ ఏడో పాయింటుతోనే మొదలుపెట్టాడు. ‘ఎడమ’ అని పదకొండేళ్ల కిందట తనే చీటీ అంటించిన వైరు దొరికింది. దాన్ని కిందనుంచి కదిపి, బల్ల పక్కన కత్తెరతో నిలబడ్డ భార్యతో, “పైన ఎడమ పట్టా దగ్గర కదులుతోందే, దాన్ని కత్తిరించు” అన్నాడు.

“కుడిదండీ కదులుతోంది.”

“సరిగ్గా చూడవే, ఎడమ!”

“ఈ వయసులో నాకు కుడీ ఎడమా తెలీదా? కుడిదే!”

ఆయన చీటీ మరోసారి చదివాడు. తల ఇప్పుడూ గోడ మూలకే ఉంది. తర్వాత రెండు వైర్లూ విప్పి, దాన్నిటూ దీన్నటూ బిగించాడు. రెండు నిమిషాల పని. స్విచ్చి వేస్తే రైలు కప్ప మీదుగా సాఫీగా దాటిపోయింది. భార్య చూసింది. కత్తెర బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి.

ఆ మధ్యాహ్నమే, బల్ల అంచున అలాగే ఉండిపోయిన ఆకురాయిని జేబులో పెట్టుకుని బావమరిది ఇంటికి వెళ్లాడు. అతను కుర్చీలోంచి లేవబోయాడు.

“కప్ప బతికిందిరా” అన్నాడు ఈయన, గుమ్మంలోనే. “తప్పు నాది. వైర్లు తారుమారు చేశాను.”

“తెలుసు బావా.”

“తెలిస్తే ఇన్నేళ్లూ చెప్పొద్దూ?”

“ఆ రోజే చెప్పానుగా.”

ఈయన జేబులోంచి ఆకురాయి తీసి అతని చేతికిచ్చాడు. “బల్ల తీసెయ్యను. ఎనిమిదోదానికి చోటుంది. రేపే రా, మొదలుపెడదాం.”

ఆకురాయి దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. అయినా అది గడగడ వణుకుతూనే ఉంది. జారి ఒళ్లో పడింది.

“ఈ చేతులతో పట్టా అరగదియ్యలేను బావా. మూడేళ్లయింది” అని నవ్వబోయాడు. “అక్క చెప్పలేదా?”

అక్క ఎలా చెబుతుంది? ఆమె నోరు మూయించింది తనేగా.