చర్చిలో ఆగిపోయిన ఆఖరి రీలు

గోదావరి పెద్ద వరద లంకల్ని ముంచి వెళ్ళిన ఏడు, వరికోతలప్పుడు జరిగింది ఇది.

నేను ఒక సినిమా ప్రొజెక్టర్‌ని. పదహారు మిల్లీమీటర్ల దాన్ని. బొంబాయిలో బిగించారు. మొదట సర్కారు జీపెక్కి కుటుంబ నియంత్రణ బొమ్మలు వేశాను. చూసినవాళ్ళు నవ్వుకుని ఇంటికెళ్ళి, మరుసటేడు బారసాలలకు పిలుచుకున్నారు. తరవాత రాజమండ్రి ఫిల్మ్ సొసైటీ వారు నన్ను వేలంలో కొన్నారు.

అప్పట్లో కలకత్తాలో, బెంగుళూరులో, తిరువనంతపురంలో కొందరు పాటలూ ఫైట్లూ మానేసి, పల్లెలకి కెమెరా మోసుకెళ్ళి ఆకలినీ భూమినీ బొమ్మలు తీస్తున్నారు. కొత్త కెరటం అనేవారు మా సొసైటీలో. ఎమర్జెన్సీ రోజుల్లో ఒక పోలీసాయన ప్రతి ఆటకీ నిఘాకి వచ్చి, మొదటి రీలులోనే నిద్రపోయేవాడు. ఆటయ్యాక లెక్చరర్లు కాఫీ తాగుతూ పేదవాడి గురించి గంటసేపు వాదించుకునేవారు. పేదవాడు నా వెనక నిలబడి రీలు చుట్టేవాడు. అతనే ఏసుపాదం, నా ఆపరేటరు. మూడో తరగతి చదివాడు. రోజుకు పది మాటలు దాటి మాట్లాడగా నేను వినలేదు.

ఆ ఏడు ఒక కన్నడ బొమ్మ వచ్చింది. కూలి పెంచితే గాని కొడవలి పట్టమన్న కోతకూలీల కథ. శనివారం వేశాం. సోమవారం పొద్దుటి రైలుకి తిప్పి పంపాలి.

"రేపు మా పేటలో వేస్తానండి," అన్నాడు ఏసుపాదం.

"వాళ్ళకేం అర్థమవుద్దయ్యా!" సొసైటీ సెక్రటరీ గారు నవ్వేశారు. కాదని మాత్రం అనలేదు.

ఆదివారం ఆరాధన అయ్యేసరికి నేను పేట చర్చిలో ఉన్నాను. కిటికీలకి దుప్పట్లు కట్టి, గోడమీద వరద చారకి పైన తెల్లపంచె బిగించాడు.

"బొమ్మ కింద ఆ చీమలేంట్రా ఏసూ?" అంది ముసలి సువార్తమ్మ, ఆట మొదలవగానే.

"మాటలు, పెద్దమ్మా. ఇంగ్లీషు."

"మరి మనకో?"

ఏసుపాదం గొంతు సవరించుకున్నాడు. అతనికి కన్నడం రాదు, ఇంగ్లీషు రాదు. కూలి మాట వచ్చు. తెర పక్కన నిలబడి ఒక్కొక్కరి మాటా తెలుగులో చెప్పాడు.

ఆఖరి రీలు ఎక్కించగానే నా దీపం ఆరిపోయింది. చర్చికి కరెంటు, పేటంతా కూలికెళ్ళే కామందు రైసుమిల్లు నుంచే వస్తుంది. గుమ్మంలో మిల్లు గుమాస్తా నిలబడ్డాడు.

"పాటల్లేనిది కూడా ఓ బొమ్మేనేంట్రా? కామందుగారు ఆపెయ్యమన్నారు. రేపు కోత. పోయి కొడవళ్ళు నూరుకోండి!"

ఎవరూ లేవలేదు. ఏసుపాదం దుప్పట్లు విప్పాడు. పట్టపగటి వెలుగులో, ఖాళీ పంచె ముందు నిలబడి, మిగిలిన కథ నోటితో చెప్పేశాడు. గుమాస్తా కూడా చివరిదాకా విన్నాడు.

"బానే చెప్పావురా," అంది సువార్తమ్మ. "కళ్ళతో చూడొద్దా?"

మర్నాడు పొద్దున్నే ఏసుపాదం స్టేషనుకి వెళ్ళలేదు. సెక్రటరీ ఇంటికెళ్ళి, "రీళ్ళు రేపు పంపుతానండి. నన్ను తీసేస్తే తీసేయండి," అని, జవాబుకి ఆగకుండా వచ్చేశాడు. పెళ్ళిళ్ళకి లైట్లు కట్టేవాడి జనరేటరు తెచ్చి చర్చి గుమ్మంలో దింపాడు. పేటలో కొడవళ్ళు ఇంకా చూరులోనే ఉన్నాయి. కిటికీలకి మళ్ళీ దుప్పట్లు కట్టి, ఆఖరి రీలు నాకు తొడిగి, జనరేటరు తాడు లాగాడు.