గన్నేరు ఈనెలు

ఖాజాగూడ చెరువు దగ్గర, రాళ్ళ వెనక ఉన్న చంద్రమ్మ కొట్టంలో తెల్లారేసరికి ముసలి బర్రె చచ్చిపడి ఉంది. రెండోది, నాలుగు రోజుల కిందటే ఈనిన గౌరి, కాళ్ళు చాపి నేలమీద కూలిపోయింది. గుంజకు కట్టేసిన దూడ ఆగకుండా అరుస్తోంది.

పశువుల డాక్టరు రాకేష్ గౌరి చెవులు పట్టుకున్నాడు. చల్లగా ఉన్నాయి.

"ఈనినంక కాల్షియం పడిపోతే గిట్లనే కూలబడ్తయి," అంటూ సీసా తీసి వాసానికి వేలాడదీశాడు.

"మరి ముసల్దానికేమైంది సారూ? అది ఈనలే కద!" చంద్రమ్మ చచ్చిన బర్రె వైపు చెయ్యి చూపింది.

రాకేష్ స్టెతస్కోపు తీశాడు. గౌరి గుండె చప్పుడు విన్నాడు. కొట్టుకుంటోంది, ఆగుతోంది, మళ్ళీ కొట్టుకుంటోంది. అతని మొహం మారింది.

"నిన్న ఏం పెట్టిన్రు?"

"గడ్డే. మా ఆయన తెచ్చిందే."

ఆమె భర్త మొగిలి రాయదుర్గంలో ఓ ఆఫీసు తోటలో మాలి. అక్కడ కోసిన పచ్చగడ్డి మూడేళ్ళుగా మూటకట్టి తెస్తున్నాడు. గడప దగ్గర మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నవాడు తల ఎత్తకుండానే అన్నాడు. "గడ్డే సారూ. నా చేతులతోనే ఎత్తిన."

సరిగ్గా అప్పుడే పాలకోసం మణికొండ నుంచి జయంతి వచ్చింది. కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. సంగతి విని, క్యాను కింద పెట్టి, గాబులో మిగిలిన మేత దోసిట్లోకి తీసుకుంది. గడ్డి మధ్యలో గోరంత ముక్కలు, ఎండినా మందంగా, ముదురాకుపచ్చగా కనిపించాయి. ఒకటి కొంగుతో తుడిచి ఎండకు పట్టింది.

"ఇది గడ్డి కాదండీ. గడ్డిలో ఈనెలు పొడుగునా పక్కపక్కనే పోతాయి. దీనికి మధ్యలో లావు ఈనె ఉంది. దాని పక్కనుంచి సన్నటివి దువ్వెన పళ్ళంత దగ్గరగా, అడ్డంగా పోయి, అంచు దగ్గర ఒకే గీతలో కలిశాయి. గన్నేరండీ ఇది!"

"గన్నేరైతే నాకు తెల్వదా మేడం?" అన్నాడు మొగిలి. అంతలోనే తల ఎత్తాడు. "మొన్న గన్నేరు కంచె కొట్టిచ్చిన్రు. కొమ్మలన్ని మిషన్ల ఏసి ముక్కలు చేసిన్రు. గడ్డి కుప్ప పక్కనే పోసిన్రు..."

రాకేష్ చేతిలో సూది ఆగింది.

"పక్కానా మేడం? గన్నేరే అయితే, కాల్షియం ఎక్కిస్తే గుండె ఆగొచ్చు. కాకపోతే, ఎక్కియ్యకుంటే సస్తది."

జయంతి ముక్కను మళ్ళీ ఎండకు పట్టింది. వేరు తెచ్చిన నీళ్ళు ఆకుకు పంచేవి ఈనెలే, ఆకు వండిన ఆహారాన్ని మొక్కకంతా చేరవేసేవీ అవే, ఆకును ఎముకల్లా నిలబెట్టేవీ అవే అని ఇరవయ్యేళ్ళుగా బోర్డు మీద గీసి చెప్పింది. తప్పు చెబితే పోయేవి మార్కులే. ఇప్పుడు కళ్ళముందు గౌరి నాలుక బయటికి వేలాడుతోంది. ఇంకో ముక్క చూసింది. ఇంకోటి. ఆరు ముక్కలు చూసింది. అన్నిట్లోనూ అదే వరస.

"గన్నేరే," అంది.

"కానీ ఎండిపోయింది కదమ్మా, విషం పోదా?" చంద్రమ్మ ఆశగా అడిగింది.

"ఈనెల్లో నీళ్ళే ఆరిపోతాయి చంద్రమ్మా. విషం ఆకులోనే ఉండిపోతుంది."

రాకేష్ సీసా దించేశాడు. విషాన్ని పీల్చుకునే మందు బొగ్గుపొడి నీళ్ళలో కలిపి గొట్టంతో గౌరి కడుపులోకి పంపాడు. "దూడను దగ్గరికి రానియ్యకండి, విషం పాలల్ల కూడ వస్తది," అన్నాడు.

"ఇగ ఏం జెయ్యాలె సారూ?"

"కనిపెట్టుకోని ఉండుడే."

మధ్యాహ్నానికి గౌరి కళ్ళు తేలేసింది. చంద్రమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. మొగిలి గడప దాటి లోపలికి రాలేదు.

"నేనే సంపిన," అన్నాడు.

"గట్ల కూసుంటే అయితదా? అచ్చి కాళ్ళు రుద్దు!" అని అరిచింది చంద్రమ్మ.

అతను వచ్చి రుద్దాడు. సాయంత్రం ముసలిదాన్ని పాతిపెట్టి వచ్చి మళ్ళీ రుద్దాడు.

మూడో రోజు పొద్దున గౌరి వెనక కాళ్ళు లేపబోయి పడింది. మొగిలి, చంద్రమ్మ చెరోపక్క భుజం ఆనించి ఎత్తారు. ఈసారి నిలబడింది. కాసేపటికి నీళ్ళు తాగింది. చంద్రమ్మ అక్కడే పేడలో చతికిలబడి, ముసలి బర్రె కట్టుతాడు చేతికి చుట్టుకుని, అప్పుడు గట్టిగా ఏడ్చింది.