మూడోసారి తిరిగిన హద్దు

ఇంగ్లండు ఏలుబడిలోని వర్జీనియాలో నాలుగేళ్ళకోసారి చర్చి పంపిన పెద్దలు పొలాల హద్దుల వెంట నడుస్తారు. హద్దు చెట్ల మీద పాత గాట్లను గొడ్డలితో కొత్తగా చెక్కి పోతారు. అలా మూడుసార్లు తిరిగిన హద్దు మీద ఇక ఎవరి దావా చెల్లదు. ఈ పద్ధతి వచ్చి ఎన్నో ఏళ్ళు కాలేదు, డోర్కస్ హేల్ పొలానికి ఇది మూడోసారి.

రెండోసారి జరిగిన ఘనకార్యం వల్లే ఆమెకు వారం రోజులుగా కంటి మీద కునుకు లేదు. అప్పుడు మొగుడు చావు జ్వరంతో మంచం మీదున్నాడు, పెద్దల వెంట నడిచే దిక్కు లేకపోయింది. వాళ్ళు రమ్ము కూజాతో బయల్దేరి, వాగవతలి ఓక్ చెట్టుకు పెట్టాల్సిన గాట్లు ఇవతలి చెట్టుకు పెట్టి ఇళ్ళకు చేరారు. ఆ రెండు చెట్ల నడుమే ఆమె పొగాకు మడి, మంచినీళ్ళ ఊట ఉన్నాయి. అవి పోతే మిగిలేవి రాళ్ళే.

"పట్టాలో ఏముంది? మూడు గాట్లున్న ఓక్ చెట్టు," అన్నాడు పక్క పొలం గిడియన్ ట్రాస్క్, ఇవతలి చెట్టును తడుతూ. "ఇవిగో మూడు. లెక్క రాకపోతే నేను నేర్పుతా వదినా."

"ఇల్లలకగానే పండగ కాదు మరిదీ. పట్టా ఇచ్చి ముప్పై నాలుగేళ్ళయింది. ఈ గాట్లకు పసితనం కూడా పోలేదు."

"మరి అవతలి చెట్టుకు ఒక్కటైనా ఉందా?"

"బెరడు కప్పేసింది. మొదటిసారి వచ్చినవాళ్ళు చెట్టును చూసి పోయారే గానీ గొడ్డలి పెట్టలేదు. ఆ ఉబ్బు దగ్గర చెక్కి చూడండి తాతా."

తాత అంటే హద్దు పెద్ద ఒబడయా ఫెన్. ముసలాయన చేతిలోని గొడ్డలి వంక చూసుకున్నాడు. చెక్కితే తన నిర్వాకం చర్చి హద్దుల పుస్తకానికెక్కుతుంది. 'వెనకటి లాగే' అని రెండు ముక్కలు రాస్తే పరువు దక్కుతుంది. ఆ సంగతి డోర్కస్‌కూ తెలుసు.

ఆయన టోపీ తీశాడు. "అప్పుడు గొడ్డలి నా చేతిలోనే ఉంది. రెండో చేతిలో కూజా ఉంది. తప్పు నాదే. పదండి."

వాగు దాటి, బెరడు ఉబ్బిన చోట కొట్టడం మొదలెట్టాడు. పేళ్ళు రాలాయి. బెత్తెడు లోతున ఒక నల్లటి గాటు కనిపించింది. దాని కింద ఇంకోటి, ఆ కింద మరోటి. గాటు నుంచి బెరడు దాకా ఏడాదికొక గీత. ట్రాస్క్‌కు ఎవరి మాట మీదా నమ్మకం లేదు కాబట్టి వంగి తనే లెక్కపెట్టాడు. వేలి గోరు చివరి గీత దగ్గర ఆగింది.

"ముప్పై నాలుగు," అన్నాడు నీరుగారిపోతూ.

డోర్కస్ అక్కడే నిలబడి ఏడ్చేసింది, ఎవరు చూస్తే నాకేం అన్నట్టు. ఒబడయా రెండు గాట్లు కొత్తగా పెట్టి గొడ్డలి ఆమెకిచ్చాడు.

"మూడోది నువ్వు పెట్టమ్మా. పుస్తకంలో హేల్ పెళ్ళామని రాయను. ఆసామి డోర్కస్ హేల్ అని రాస్తా."

ఆమె బలమంతా పెట్టి కొట్టింది.

ట్రాస్క్ గొంతు సవరించుకున్నాడు. "ఇంతకీ వదినా, నా ఆవులు ఆ ఊటకే అలవాటు పడ్డాయి."

"తాగనీ మరిదీ, నీళ్ళకేం. రేపటి నుంచి తోలుకొచ్చే ముందు నన్నడుగు."